కడగడానికి చేతులు చాలవు

2023 ఫిబ్రవరి 9 ఉదయం. కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి. రాగంపేటలో ఒక నూనె ఫ్యాక్టరీ. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి తీయడానికి ఒక కార్మికుడు దిగాడు, దిగినవాడు దిగినట్టే పడిపోయాడు. అతన్ని పైకి లాగుదామని ఇంకొకడు దిగాడు, అతని కోసం మరొకడు. మొత్తం ఏడుగురు చనిపోయారు. ఐదుగురు పాడేరు వైపు నుంచి వలస వచ్చినవాళ్లు, ఇద్దరు అదే మండలంలోని పులిమేరు వాళ్లు. అంతకు ఐదేళ్ల ముందు, 2018 ఫిబ్రవరిలో, చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర మొరం గ్రామంలోని ఒక కోళ్ల హేచరీలో వ్యర్థాల ట్యాంకు శుభ్రం చేస్తూ ఇలాగే ఒకరి వెనక ఒకరు పోయారు. అక్కడా ఏడుగురే. రెండుచోట్లా పేలుడు లేదు, మంటలు లేవు. జరుగుతున్నది ఉత్పత్తి కూడా కాదు. కడుగుతున్నారు, అంతే.

ఇలాంటి వార్త వచ్చాక ఒక కేసు, ఒక ఎక్స్‌గ్రేషియా ప్రకటన, నాలుగు రోజుల చర్చ. బాధ్యులెవరో తేలాలి, శిక్ష పడాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఒక మేనేజరును జైలుకు పంపినా చెక్కుచెదరని అభిప్రాయం ఒకటి ఈ చావుల వెనక ఉంది. అది యజమానుల సొత్తు కాదు. ఆఫీసుల్లో, హోటళ్లలో, ఆస్పత్రుల్లో, ఇళ్లలో మనందరం పంచుకున్నదే. ఉత్పత్తికి చదువు కావాలి, కడగడానికి చేతులు చాలు అన్నది ఆ అభిప్రాయం. నేను ఖండించదలచుకున్నది దాన్నే.

ముందు పూర్వపక్షాన్ని దాని బలంతోనే చెప్పుకుందాం. శుభ్రం చేయడం అందరికీ తెలిసిన పని, దానికి ప్రత్యేక శిక్షణ అనవసరం అన్నది మొదటి వాదన. జిడ్డు మొండిదైతే మందు ఘాటు పెంచితే సరి, వాసన ఎంత గట్టిగా కొడితే అంత శుభ్రం అన్నది రెండోది. గ్లవ్స్, మాస్కులు ఇచ్చాం, వేసుకోకపోతే తప్పు కార్మికుడిది అన్నది మూడోది. పద్ధతులూ పర్మిట్లూ అమెరికా కంపెనీలకు చెల్లుతాయి, రోజు గడవడమే కష్టమైన చిన్న పరిశ్రమలు వాటిని భరించలేవు అన్నది నాలుగోది. వినడానికి నాలుగూ లోకజ్ఞానంలాగే ఉంటాయి. ఒక్కొక్కదాన్నే పట్టి చూద్దాం.

అందరికీ తెలిసిన పని అంటున్నారు కదా, అసలు ఫ్యాక్టరీలో యంత్రం ఎప్పుడు ప్రమాదకరం? నడుస్తున్నప్పుడు దానికి గార్డు ఉంటుంది, మూత ఉంటుంది, తలుపు తీస్తే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. మనిషికీ బ్లేడుకూ మధ్య ఇంజనీరు కట్టిన గోడ అది. కడిగే రోజున ఆ గోడను మన చేతులతోనే తీసేస్తాం. గార్డు విప్పుతాం, మూత తెరుస్తాం. చెయ్యి పోకూడని చోటికి చెయ్యి, మనిషి పోకూడని చోటికి మనిషి పోయేది ఆ రోజే. బేకరీలో పిండి కలిపే మిక్సరు, మాంసం కొట్టులో గ్రైండరు, రైస్‌మిల్లులో ఎలివేటరు, గోడౌన్‌లో కన్వేయరు, ఏదైనా తీసుకోండి. రోజంతా దాన్ని నడిపే ఆపరేటరు కంటే రాత్రి దాని లోపల గుడ్డ పెట్టి తుడిచేవాడే దాని పళ్లకు దగ్గరగా ఉంటాడు.

స్విచ్ ఆపితే చాలదా? చాలదు. ఆపిన స్విచ్‌ను ఇంకొకరు వేయగలరు. లోపల మనిషి ఉన్నాడని తెలియని రెండో షిఫ్టు వాడు బటన్ నొక్కితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అందుకే అమెరికా 1989లో ఒక ప్రమాణం తెచ్చింది. యంత్రాన్ని బాగు చేసేముందు, కడిగేముందు విద్యుత్తు మూలం దగ్గరే తాళం పడాలి. ఆ తాళంచెవి లోపలికి దిగే మనిషి జేబులో ఉండాలి, సూపర్‌వైజరు టేబుల్ మీద కాదు. కరెంటు పోయాక కూడా యంత్రంలో శక్తి మిగిలే ఉంటుంది. పైపులో ఆవిరి, సిలిండర్లో బిగిసిన గాలి, పైకెత్తి నిలిపిన బ్లేడు బరువు, సాగిన స్ప్రింగు. వీటిని వదిలించి, ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి, కదలట్లేదని రుజువు చేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఇన్ని దశలు తెలిసి చేయాల్సిన పనిని "ఎవరైనా చేస్తారు" అనడం అజ్ఞానం.

ట్యాంకుల సంగతి ఇంకా ఘోరం. మామూలు గాలిలో ఆక్సిజన్ సుమారు 20.9 శాతం. అది 19.5కి తగ్గితే శ్వాస పరికరం లేకుండా లోపలికి పోకూడదన్నది అంతటా చెల్లే భద్రతా ప్రమాణం. 10 శాతం కిందికి పోతే మనిషికి ఆయాసం వచ్చి, అనుమానం కలిగి, నిచ్చెన ఎక్కి బయటపడేంత వ్యవధి ఉండదు. ఉన్నట్టుండి స్పృహ పోతుంది. మూసి ఉన్న ట్యాంకులో తుప్పు పట్టే ఇనుము ఆక్సిజన్‌ను తింటుంది. గాలి తగిలి పాడయ్యే నూనె తింటుంది. కుళ్లే మడ్డి ఆక్సిజన్‌ను తినడమే కాక విషవాయువులనూ వదులుతుంది. విషం పోసింది కాదు, మనం తినే నూనె నిలవ చేసిందే కదా అన్న ధీమాకు ఇక్కడ అర్థం లేదు.

కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే జాగ్రత్త పడతాం అంటారు అనుభవమున్న మేస్త్రీలు. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. తక్కువ మోతాదులో ముక్కు దాన్ని పసిగడుతుంది. మోతాదు 100 పీపీఎం దాకా, అంటే పది లక్షల భాగాల్లో వంద దాకా పెరిగితే ముక్కే మొద్దుబారుతుంది. వాసన ఆగిపోగానే గాలి బాగైందనుకుని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. ఇంకా పెరిగితే ఒకటి రెండు ఊపిరుల్లోనే కూలిపోతాడు. పాతికేళ్ల అనుభవమున్న ముక్కు కూడా ఈ గ్యాసు ముందు పనిచేయదు. పనిచేసేది మీటరు. అది కూడా ట్యాంకు నోటి దగ్గర ఒకసారి పెట్టి తీసేస్తే కాదు. కొన్ని గ్యాసులు పైన, కొన్ని అడుగున చేరతాయి కాబట్టి పై, మధ్య, అడుగు మూడుచోట్లా చూడాలి. మడ్డిని కదిలించినప్పుడు అందులో చిక్కిన గ్యాసు అప్పుడే బయటికొస్తుంది కాబట్టి పని సాగినంతసేపూ మీటరు మనిషి ఒంటి మీదే ఉండాలి.

ఇక ఒకరి కోసం ఒకరు దిగడం. దాన్ని మనం విధి అంటాం, త్యాగం అంటాం. కానీ ట్యాంకులు, గుంతల్లాంటి పరిమిత ప్రదేశాల చావుల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లవేనని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1986లోనే హెచ్చరించింది. రాగంపేటలో రెండోవాడు దిగుతాడని ఎవరూ జోస్యం చెప్పనక్కర్లేదు. కళ్ల ముందు తోటివాడు పడిపోతే ఏ మనిషైనా దిగుతాడు. అతన్ని ఆపగలిగేవి రెండే: ముందుగా నేర్పిన క్రమశిక్షణ, దిగకుండానే పైకి లాగగలిగే బెల్టూ తాడూ. ఆ రెండూ లేనిచోట మనిషి మంచితనమే మరణాల లెక్క పెంచుతుంది.

కడగడం చిన్న పని అనేవాళ్లు భోపాల్‌నూ గుర్తు చేసుకోవాలి. 1984 డిసెంబరు 2 రాత్రి మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులోకి నీళ్లు చేరడం వల్లే అంతటి ఘోరం మొదలైంది. ఎలా చేరాయన్నదానిపై తగాదా ఉంది. గొట్టాలు కడుగుతున్న నీళ్లే వెనక్కి తన్ని ట్యాంకులోకి పోయాయని కార్మికులు, పలువురు పరిశోధకులు అన్నారు. కంపెనీ దాన్ని కాదని, ఎవరో కావాలని చేసిన విద్రోహం అంది. ఆ తగాదా అలా ఉండగా ఒక సంగతి మిగులుతుంది. ఆ రాత్రి అక్కడ గొట్టాలు కడిగారు. కడిగేముందు నీళ్లు అవతలికి పోకుండా గొట్టం మధ్య బిగించాల్సిన ఇనుప బిళ్ల బిగించలేదు. పక్కనున్నది ప్రపంచంలోని అతి ప్రమాదకర రసాయనాల్లో ఒకటి. అయినా ఆ పని కడుగుడే కదా అన్నట్టు సాగింది.

ఇప్పుడు రెండో వాదన, ఘాటు. మన దగ్గర శుభ్రతకు సాక్షి కన్ను కాదు, ముక్కు. ఫినాయిల్ గుప్పుమంటే ఆస్పత్రి శుభ్రం, బ్లీచింగ్ కళ్లు మండిస్తే క్యాంటీన్ శుభ్రం. మొండి మరక కనబడితే బ్లీచింగ్ మీద యాసిడ్ పోసేవాళ్లూ ఉన్నారు. రెండు బలమైన మందులు కలిస్తే రెట్టింపు బలం వస్తుందన్న లెక్క అది. వచ్చేది క్లోరిన్ గ్యాసు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలిన గ్యాసే. 2019 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం బర్లింగ్టన్‌లో ఒక రెస్టారెంటు వంటగదిలో నేల మీద ఆమ్లపు క్లీనరు ఒలికింది. దాని మీద ఇంకొకరు, బ్లీచింగ్‌లోలాగే హైపోక్లోరైట్ ఉన్న క్లీనరు వేసి తోమారు. నేల మీద ఆకుపచ్చ నురగ లేచింది. దాన్ని రబ్బరు వైపర్‌తో బయటికి నెట్టబోయిన మేనేజరు చనిపోయాడు. రెండూ ఆ వంటగదిలో రోజూ వాడేవే. విడివిడిగా ఏదీ తప్పు మందు కాదు. రెండింటి మధ్య ఒక్కసారి నీళ్లు కొట్టి ఉంటే సరిపోయేది.

పైగా ఘాటు పెంచితే శుభ్రత పెరుగుతుందన్నది రసాయన శాస్త్రం లెక్కన కూడా తప్పు. హెన్కెల్ కంపెనీలో పనిచేసిన జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ సినర్ 1959లో ఒక సూత్రం చెప్పాడు. మురికి వదలడానికి నాలుగు సాయం చేస్తాయి: మందు, వేడి, రాపిడి, సమయం. ఒకటి తగ్గితే మిగతావాటితో పూరించుకోవచ్చు. మన పని చోట్ల కొరత ఎప్పుడూ సమయానిదే. తెల్లారేసరికి లైన్ మొదలవ్వాలి కాబట్టి నాలుగు గంటల పని గంటలో ముగించమంటారు. ఆ మిగిలిన మూడు గంటలకు బదులు యాసిడ్ పోస్తారు. కాంట్రాక్టరు ఆదా చేసిన సమయానికి మూల్యం కార్మికుడి ఊపిరితిత్తులు చెల్లిస్తాయి. ఇది అలంకారంగా అంటున్న మాట కాదు. ఆరు వేలకు పైగా మందిని ఇరవై ఏళ్లపాటు గమనించిన యూరోపియన్ అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. శుభ్రత పనిలో ఉన్న ఆడవాళ్ల ఊపిరితిత్తుల శక్తి ఇతరుల కంటే వేగంగా తగ్గుతోందని అందులో తేలింది. ట్యాంకు చావు పేపరుకెక్కుతుంది. ఈ నెమ్మది నష్టం ఎక్కడా ఎక్కదు.

క్రమం తెలియని ఘాటు సూక్ష్మజీవులను కూడా చంపలేదు. జిడ్డు మీద, రక్తం మీద, అన్నం మెతుకుల మీద క్లోరిన్ ద్రావణం పోస్తే అది ఆ మురికితో చర్య జరిపి అక్కడే ఖర్చయిపోతుంది. కింద దాక్కున్న బ్యాక్టీరియా క్షేమం. ముందు గీకి తీయాలి, సబ్బుతోనో కాస్టిక్ సోడాతోనో జిడ్డు వదిలించాలి, నీళ్లతో కడిగెయ్యాలి. అప్పుడే క్రిమిసంహారకం, అదీ చెప్పిన పలుచనలో, చెప్పినన్ని నిమిషాలు ఉపరితలం తడిగా ఉండేలా. చల్లీ చల్లగానే తుడిచేస్తే నీళ్లు చల్లి తుడిచినట్టే. పైనుంచి కిందికి రావాలి, శుభ్రమైన చోటి నుంచి మురికి చోటికి పోవాలి. డ్రెయిన్‌ను బలమైన జెట్‌తో కొడితే అందులోని క్రిములు తుంపరలై అప్పుడే కడిగిన టేబుల్ మీద వాలతాయి. పాల డెయిరీల్లో పైపులు విప్పకుండానే లోపల కడిగే పద్ధతి ఉంది: నీళ్లు, వేడి కాస్టిక్, మళ్లీ నీళ్లు, పలుచని ఆమ్లం, మళ్లీ నీళ్లు. మధ్యలో నీళ్లెందుకో, ఏది ముందో తెలిసి కూర్చిన వరస అది. నైపుణ్యం అనే మాటకు ఇంతకంటే ఏం కావాలి?

కొవిడ్ రోజుల్లో ఈ ఘాటు పిచ్చి పరాకాష్ఠకు పోయింది. ఊరూరా రోడ్ల మీద హైపోక్లోరైట్ కొట్టారు, మనుషులను టన్నెళ్లలోంచి నడిపించి మీద మందు చల్లారు. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో వలస కూలీలను నేల మీద కూర్చోబెట్టి తడిపారు. మనుషుల మీద చల్లడం హానికరమని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఏ పరిస్థితుల్లోనూ అలా చేయవద్దని, వీధుల్లో చల్లడం వల్ల వైరస్ పోదని మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ మందు వాసన చూసి జనం ధైర్యం తెచ్చుకున్నారు. దాన్ని భుజాన మోసి కొట్టిన మునిసిపల్ కార్మికుల కళ్ల గురించి, గొంతు గురించి ఎవరూ అడగలేదు.

ఘాటుకు సోదరి లాంటిది గాలి గొట్టం. మిల్లుల్లో, పొడి ఆడే ఫ్యాక్టరీల్లో దూలాల మీద పేరుకున్న దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదేస్తే క్షణంలో శుభ్రమైనట్టు కనిపిస్తుంది. నిజానికి దూలాల మీద నిద్రపోతున్న ఇంధనాన్ని గాలిలోకి లేపడం అది. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్‌లో చక్కెర కర్మాగారం పేలి 14 మంది చనిపోయారు. పేలింది చక్కెర దుమ్ము. మొదటి పేలుడు కన్వేయరు దగ్గర పుట్టింది. నేల మీద, ఎత్తయిన చోట్ల ఏళ్లుగా పేరుకున్న పొడి లేచి అంటుకుని, భవనమంతా వరసగా పేలింది. దుమ్మును సరిగ్గా తీయకపోవడమే ఆ ప్రమాదాన్ని అంత పెద్దది చేసిందని అమెరికా రసాయన భద్రతా బోర్డు తేల్చింది. చక్కెర, గోధుమపిండి, పసుపు, మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి, అన్నీ తగినంత మెత్తగా ఉండి గాలిలో లేస్తే పేలగలవు. వాటిని తీయాల్సింది నిప్పురవ్వ పుట్టని వాక్యూమ్‌తో, పేరుకోకముందే.

మూడో వాదనకు వద్దాం. గ్లవ్స్ ఇచ్చాం, మాస్కు ఇచ్చాం. గుడ్డ మాస్కు ఆక్సిజన్‌ను తయారు చేయదు. దుమ్ము మాస్కు గ్యాసును ఆపదు. ఫిల్టరు బిగించిన మాస్కు కూడా ఆక్సిజన్ లేని ట్యాంకులో ప్రాణం కాపాడదు. అక్కడ కావాల్సింది బయటి నుంచి గాలి తెచ్చే పరికరం. సరైనది ఇచ్చినా, ఏప్రిల్ ఎండలో బెజవాడలాంటి చోట రేకుల షెడ్డులో ప్లాస్టిక్ సూటు వేసుకుని ఎంతసేపు పనిచేయగలరో ఇచ్చినవాళ్లే ఒకసారి వేసుకుని చూడాలి. పని ముగిస్తేనే కూలి అన్న ఒప్పందం మీద దింపి, ఊపిరాడక మాస్కు తీసినందుకు నిర్లక్ష్యం అని రాయడం అన్యాయం.

రక్షణ పరికరం ఆఖరి అంచె. దానికి ముందు ఎన్నో ఉన్నాయి, వాటిని రాసిపెట్టింది మన చట్టమే. రాగంపేట ఘటన నాటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ప్రకారం ప్రమాదకర వాయువులుండే ట్యాంకుకు, గుంతకు తగినంత మ్యాన్‌హోలో మరో దారో ఉండాలి. గ్యాసును తొలగించడానికి సాధ్యమైన చర్యలన్నీ ముందే తీసుకోవాలి. ఆ తర్వాత అర్హత ఉన్న వ్యక్తి స్వయంగా పరీక్షించి, లోపల ప్రమాదం లేదని రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం, బెల్టు ఉండి, ఆ బెల్టు తాడు కొస బయట ఒక మనిషి చేతిలో ఉండాలి. తగిన రక్షణ ఏర్పాట్లు లేకుండా లోపల వాడే చేతి దీపం 24 వోల్టులు మించకూడదని కూడా ఆ పక్క సెక్షన్ చెప్పింది. ఇందులో ఏదీ కార్మికుడి మీద పెట్టిన బాధ్యత కాదు, అన్నీ దింపేవాడి మీద పెట్టినవే. ప్రమాదం జరిగాక "మాస్కు వేసుకోలేదు" అన్నవాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒకటే: సర్టిఫికెట్ ఏది?

ఇక మిగిలింది నాలుగోది, అన్నిటికంటే గట్టిగా వినిపించేది. ఇవన్నీ మన వల్ల కావు, ఖర్చు, టైము, తెలిసినవాళ్లు దొరకరు. ఇది అబద్ధం అనడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, పరవాడ చాలు. అక్కడి మందుల కంపెనీల్లో ఒక మందు తయారీ ముగిసి, అదే రియాక్టరులో ఇంకో మందు మొదలుపెట్టాలంటే ఏం జరుగుతుందో ఆ పనిలో ఉన్న ఏ కెమిస్టునైనా అడగండి. ఏ సాల్వెంటుతో కడగాలి, ఎన్ని లీటర్లు, ఎంత వేడి, ఎన్ని గంటలు అన్నది రాతలో ఉంటుంది. కడిగాక మూలమూలల్లో స్వాబ్ తీసి ల్యాబుకు పంపుతారు. పాత మందు మిగులు పీపీఎంలలో కొలుస్తారు. ఫలితం వచ్చేదాకా రియాక్టరు ఆగుతుంది. చేసినవాడు, చూసినవాడు, నాణ్యతా విభాగం వాడు సంతకాలు పెట్టి, తేదీతో చీటీ తగిలిస్తారు. ఇంత పట్టింపు ఎందుకొచ్చింది? 1988లో అమెరికాలో కొలెస్ట్రాల్ తగ్గించే కొలెస్టిరమిన్ మందులో పురుగుమందుల అవశేషాలు బయటపడి మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. మళ్లీ మళ్లీ వాడిన సాల్వెంటు డ్రమ్ముల నుంచి చేరిన కాలుష్యం అది. అలాంటి అనుభవాల మీద అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1993లో శుభ్రతా విధానాలను రుజువు చేసి చూపాలంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. మాత్రలు కొనేవాడు అడిగాడు కాబట్టి మనవాళ్లు నేర్చుకున్నారు. చక్కగా నేర్చుకున్నారు.

అంటే కడగడం ఒక శాస్త్రమని, దానికి రాత, కొలత, సమయం, శిక్షణ, సంతకం కావాలని ఈ నేలమీద తెలియనిదేం కాదు. ఉత్పత్తి బ్లాకులో ఇంత శాస్త్రం నడుస్తుండగా, అదే గేటు లోపల వెనకవైపు మురుగు శుద్ధి ట్యాంకులో దిగేవాడి చేతికి బకెట్టూ తాడూ ఇచ్చే చోట్లు ఉన్నాయి. మిగిలిన పరిశ్రమల్లో ఆ తాడు కూడా కరువే. లోపలి రియాక్టరులో ఒక మిల్లీగ్రాము మిగిలితే సరుకు తిరిగొస్తుంది. వెనక ట్యాంకులో మనిషి పోతే కాంట్రాక్టరు ఇంకొకణ్ని తెస్తాడు. మనకు లేనిది జ్ఞానం కాదు, డబ్బు కూడా కాదు. మాత్ర కోసం పెట్టిన జాగ్రత్త మనిషి కోసం పెట్టాలన్న ఆలోచన లేదు.

ఆ ఆలోచన ఎందుకు రాదన్నది ఈ దేశంలో అడగాల్సిన ప్రశ్నే. కడగడం ఎవరి పని అన్నది ఫ్యాక్టరీలు పుట్టకముందే కులం తేల్చేసింది. పుట్టుకతో వచ్చే పనికి నేర్పు అవసరమని ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకుంటే దానికి జీతం కట్టాలి. కోలార్ బంగారు గనుల్లోని తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్‌తో దశాబ్దాలుగా చెబుతున్నది ఈ సంగతే, 2016లో మెగసెసే అవార్డు ఆయన్ను వరించింది ఈ పోరాటానికే. రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. కాలువల్లో పోయిన ప్రాణానికి పరిహారాన్ని 2014లో 10 లక్షలుగా నిర్ణయించిన సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరిగింది, పని మాత్రం కనీస వేతనాల లెక్కల్లో ఇంకా అన్‌స్కిల్డ్ వరసలోనే ఉంది.

కులం లేని దేశాల్లో ఈ చిన్నచూపుకు ఇంకో రూపం ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో అమెరికా కార్మిక శాఖ మాంసపు కర్మాగారాలను రాత్రిపూట కడిగే ఒక కాంట్రాక్టు కంపెనీకి 15 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఎనిమిది రాష్ట్రాల్లో 102 మంది పిల్లలతో, 13 ఏళ్ల వాళ్లతో కూడా, ఎముకలు కోసే రంపాలు కడిగించారు. నియమాలు రాసుకున్న దేశంలోనే ఇలా జరిగిందంటే కారణం ఒకటే. పనిని తక్కువగా చూసినచోట దానికి దొరికేది అందరికంటే బలహీనులే. పెద్దాపురానికి పాడేరు నుంచి, తెలంగాణ పారిశ్రామికవాడలకు ఒడిశా, బీహార్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చేవాళ్లు ఎవరో తెలిసిందే. డబ్బా మీద హెచ్చరిక ఇంగ్లీషులో, సూపర్‌వైజరు అరుపు తెలుగులో, దిగేవాడి భాష ఇంకోటి.

చిన్న పరిశ్రమ కష్టం నిజమే, కాదనను. అయితే ఆ కష్టానికి మందు మినహాయింపు కాదు, పంచుకోవడం. గ్యాస్ మీటరు, బ్లోయరు, మూడు కాళ్ల స్టాండు, గాలి పరికరం ఒక్కో యూనిట్ కొనలేకపోతే పారిశ్రామికవాడ మొత్తానికి ఒక సెట్టు, దాన్ని వాడటం వచ్చిన ఒక బృందం ఉండొచ్చు. పారిశ్రామికవాడల్లో అగ్నిమాపక కేంద్రాన్ని అందరూ కలిసి వాడుకున్నట్టే ఇదీ. అంతకంటే చౌకైనది ఇంకోటుంది: మనిషి దిగే అవసరమే లేకుండా ట్యాంకు కట్టడం. అడుగు వాలుగా ఉండి మడ్డి తనంతట తానే జారేలా, పైనుంచి తిరిగే నాజిల్ నీళ్లు కొట్టేలా, పక్కన పెద్ద తలుపు ఉండేలా. కొత్త ఫ్యాక్టరీకి అనుమతి అడిగినప్పుడే దీన్ని ఎలా కడుగుతారు అని ఇన్‌స్పెక్టరు అడిగితే సగం ట్యాంకుల డ్రాయింగులు మారిపోతాయి. ఉత్పత్తి ప్రణాళికలో కడగడానికి గంటలు కేటాయిస్తే యాసిడ్ వాడకం దానంతటదే తగ్గుతుంది. ఆ పనివాడిని స్కిల్డ్ వరసలో చేర్చి, అతని భాషలో నేర్పి, ఇది సరిగ్గా లేదు అని పని ఆపేసే హక్కు ఇస్తే మిగతాది అతనే చూసుకుంటాడు. ట్యాంకు గురించి కాంట్రాక్టరు కంటే అతనికే ఎక్కువ తెలుసు.

చివరికి ఈ వాదనంతా ఒక కాగితం దగ్గరికి వస్తుంది. కడగడం ఎవరైనా చేసే తేలిక పనే అయితే, మనిషిని దింపేముందు "లోపల గాలి నేనే పరీక్షించాను, ప్రమాదం లేదు" అని రాసి సంతకం పెట్టడానికి ఏ మేనేజరూ వెనకాడనక్కర్లేదు. వెనకాడుతున్నాడంటే, ఆ పని ఎంత ప్రమాదమో అతనికి తెలుసు. తెలిసీ దింపాడంటే ఆ చావును ప్రమాదం అని రాయడం మనం మానెయ్యాలి.